టారో, లెనోర్మాండ్ లైఫ్ రీడింగ్‌లకి సొంత స్ప్రెడ్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

స్ప్రెడ్ అంటే కార్డులు పరిచే తీరేనా?

టారో, లెనోర్మాండ్ జోస్యానికి వాడే రెండు రకాల కార్డుల కట్టలు (డెక్‌లు). వాటిని పరిచి చదవడమే రీడింగ్. పరిచే తీరు పైకి కనిపించే భాగం. లోపల ఉన్నది ప్రశ్నల వరస. ఒక్కో స్థానం ఒక్కో ప్రశ్న అడుగుతుంది, అక్కడ పడిన కార్డు ఆ ప్రశ్నకే జవాబు చెప్పాలి. "ఈ రోజు కార్డులు ఏమీ మాట్లాడట్లేదు" అని అనుభవం ఉన్నవాళ్లు కూడా అంటుంటారు. అలాంటప్పుడు స్ప్రెడ్ తీసి చూస్తే చాలావరకు సంగతి అక్కడే తెలిసిపోతుంది. స్థానాల పేర్లు ఎంత వదులుగా ఉంటాయంటే, ఏ కార్డు పడినా ఏదో ఒకటి చెప్పేయొచ్చు. ఏదైనా చెప్పగలిగే చోట గట్టిగా ఒక మాట చెప్పడం కష్టం.

అందుకే స్ప్రెడ్ తయారుచేయడం అంటే ముందు బొమ్మ గీయడం కాదు, ముందు ప్రశ్నలు రాయడం. ఇది టారోకి పూర్తిగా వర్తిస్తుంది. లెనోర్మాండ్‌కి వచ్చేసరికి కథ కొంచెం మారుతుంది, అది కింద వివరంగా ఉంది.

లైఫ్ రీడింగ్‌కి, మామూలు రీడింగ్‌కి తేడా ఏమిటి?

మామూలు రీడింగ్‌లో ఒక సమస్య ఉంటుంది. లైఫ్ రీడింగ్‌లో ఒక దశ మొత్తం ఉంటుంది: చదువు అయిపోయి ఏం చేయాలో తోచని రోజులు, విడాకుల తర్వాత మొదటి సంవత్సరం, రిటైర్మెంట్, పిల్లలు దూరంగా వెళ్లిపోయాక ఖాళీ అయిన ఇల్లు. అడిగేవాళ్లు కూడా "నా జీవితం ఎలా ఉండబోతోంది" అనే అడుగుతారు. ఆ ప్రశ్నని అలాగే తీసుకుని కార్డులు పరిస్తే వచ్చే జవాబు కూడా అంతే విశాలంగా, ఎటూ కాకుండా ఉంటుంది. ఆ పెద్ద ప్రశ్నని ఆ మనిషికి సరిపడా చిన్న ముక్కలుగా విడగొట్టడమే లైఫ్ స్ప్రెడ్ చేసే పని.

పేరున్న స్ప్రెడ్‌లు ఇన్ని ఉండగా కొత్తది ఎందుకు?

పాతవి మంచివే. మూడు కార్డుల వరస, జాతకంలోని పన్నెండు భావాల స్ప్రెడ్, పది కార్డుల కెల్టిక్ క్రాస్ లాంటివి నిలబడ్డాయంటే వాటిలో పని జరుగుతోందనే అర్థం. కానీ అవి అందరికీ పనికొచ్చేలా తయారైనవి. మీ ఎదురుగా కూర్చున్న మనిషికి కావలసిన ఒకే ఒక్క ప్రశ్న వాటిలో ఉండకపోవచ్చు. రెండు ఊళ్లలో రెండు ఉద్యోగాలు చేస్తున్న భార్యాభర్తలకి "గతం, వర్తమానం, భవిష్యత్తు" చదివితే ఒరిగేది తక్కువ. వాళ్లకి కావలసింది "ఈ దూరం మాకు ఏం మిగులుస్తోంది, ఏం తినేస్తోంది" అన్నది. ఆ రెండు ప్రశ్నలూ రెండు స్థానాలు. స్ప్రెడ్ సగం తయారైపోయింది.

టారో స్ప్రెడ్‌ని లెనోర్మాండ్ కార్డులకి వాడొచ్చా?

వాడొచ్చు గానీ కార్డుల బలం సగం పోతుంది. రెండూ పనిచేసే తీరే వేరు. ఈ ఒక్క సంగతి మనసుకి పట్టిందంటే మిగతావన్నీ తేలికవుతాయి.

టారోలో 78 కార్డులు. 22 మేజర్ ఆర్కానా, అంటే సన్ లాంటి పేరున్న పెద్ద కార్డులు. 56 మైనర్ ఆర్కానా, అంటే వాండ్స్, కప్స్, స్వోర్డ్స్, పెంటకిల్స్ అనే నాలుగు జాతుల కార్డులు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో పేకాటగా పుట్టి, 18వ శతాబ్దం చివర్లో ఫ్రాన్స్‌లో జోస్యానికి వాడుకలోకి వచ్చింది. ఈ రోజు ఎక్కువమంది చేతుల్లో ఉన్నది 1909లో లండన్‌లో వచ్చిన రైడర్ వెయిట్ డెక్, లేదా దాని బాటలో వచ్చినవి. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ ఆలోచనకి పమేలా కోల్మన్ స్మిత్ బొమ్మలు వేశారు. ఆ బొమ్మల్లో మైనర్ కార్డుల్లో కూడా ఒక దృశ్యం ఉంటుంది: ఎవరో ఏదో చేస్తుంటారు, ఎటో చూస్తుంటారు. అంటే ఒక్క కార్డే ఒక చిన్న కథ. దానికి "ఈ కథ నీ జీవితంలో ఎక్కడిది" అని చెప్పే స్థానం కావాలి. టారోలో అర్థాన్ని బిగించేది స్థానం.

లెనోర్మాండ్‌లో 36 కార్డులే. 1799 ప్రాంతంలో న్యూరెంబర్గ్‌లో యోహాన్ కాస్పర్ హెక్టెల్ తయారుచేసిన ఒక పాచికల ఆట నుంచి ఈ బొమ్మలు వచ్చాయి. పారిస్‌లో జోస్యానికి పేరుపడ్డ మేరీ ఆన్ లెనోర్మాండ్ 1843లో చనిపోయాకే ఈ కార్డులకి ఆవిడ పేరు తగిలించారు. బొమ్మలు చాలా సాదాగా ఉంటాయి: ఓడ, ఇల్లు, చెట్టు, పాము, కొండ, ఉంగరం, ఎలుకలు. ఒక్క కార్డు ఒక్క మాట లాంటిది, పక్కన ఇంకోటి చేరితేనే వాక్యం అవుతుంది. ఉత్తరం పక్కన ఓడ ఉంటే దూరం నుంచి వచ్చే కబురు. అదే ఉత్తరం పక్కన కొండ ఉంటే ఎక్కడో ఆగిపోయిన కాగితం. ఇక్కడ అర్థాన్ని బిగించేది పక్క కార్డు.

కాబట్టి టారో స్ప్రెడ్‌లో కార్డుల మధ్య ఖాళీ ఉన్నా నష్టం లేదు. లెనోర్మాండ్‌లో విడివిడిగా పెట్టిన పది స్థానాలు పది ఒంటరి మాటలు. అక్కడ స్ప్రెడ్ తయారుచేసేవాళ్లు ఆలోచించాల్సింది ఏ కార్డు దేన్ని ఆనుకుని ఉండాలి, ఏ వరస ఎటు నుంచి ఎటు చదవాలి అన్నది.

టారో స్ప్రెడ్ ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక ఉదాహరణ చెప్పగలరా?

అడిగిన మనిషి మాటల్లోనే సమస్యని ఒక వాక్యంగా రాసుకోండి. ఉదాహరణకి: "ఉద్యోగం వదిలేసి సొంతంగా ఏదైనా మొదలుపెట్టాలని ఉంది, ధైర్యం చాలట్లేదు."

దీనికి వెంటనే తట్టే స్థానాలు ఇవి: నా బలం, నా బలహీనత, అడ్డంకి, సలహా, ఫలితం. ఈ అయిదూ ఏ సమస్యకైనా అతుకుతాయి. అదే వాటితో చిక్కు. ఆ వాక్యంలో ఉన్న ఉద్యోగం గానీ, సొంత పని గానీ, భయం గానీ వీటిలో ఎక్కడా లేవు. మళ్లీ ఆ వాక్యాన్నే చదివి రాస్తే ఇలా రావచ్చు:

1. ఈ ఉద్యోగం జీతం కాకుండా నాకు ఇస్తున్నది
2. ఈ ఉద్యోగం నా నుంచి తీసుకుంటున్నది
3. సొంత పని గురించి నేను ఊహించుకుంటున్నది
4. ఆ పని రోజూ నిజంగా అడిగేది
5. ఇంట్లోవాళ్ల మీద పడేది
6. ఉద్యోగం వదలకుండానే రాబోయే మూడు నెలల్లో చేసి చూడగలిగేది

మూడూ నాలుగూ పక్కపక్కన పెట్టండి. మూడులో సన్, నాలుగులో ఎయిట్ ఆఫ్ పెంటకిల్స్ పడ్డాయనుకుందాం. మొదటిదాంట్లో తెల్ల గుర్రం మీద చేతులు చాచిన పిల్లవాడు, వెనక పొద్దుతిరుగుడు పూలు, పైన నిండు సూర్యుడు. రెండోదాంట్లో బల్ల మీద కూర్చుని ఒక్కో నాణెం చెక్కుతున్న పనివాడు, చెక్కినవి పక్కన మానుకి వేలాడుతున్నాయి, ఊరు ఎక్కడో దూరంగా ఉంది. ఊహలో ఉన్నది స్వేచ్ఛ, నలుగురి మెప్పు. రోజూ ఉండబోయేది తల వంచుకుని చేసిన పనే మళ్లీ చేయడం. ఇది మంచి కార్డా చెడ్డ కార్డా అన్న ప్రశ్నే రాదు. "నీకు ఆ బల్ల దగ్గర కూర్చోవడం ఇష్టమేనా" అని అడగొచ్చు, దానికి ఆ మనిషి చెప్పే జవాబుతోనే రీడింగ్ ముందుకు వెళ్తుంది. ఇవే రెండు కార్డులు "నా బలం", "అడ్డంకి" అన్న స్థానాల్లో పడితే ఈ మాట పుట్టేది కాదు.

ఆరో స్థానాన్ని కావాలనే చిన్నదిగా పెట్టాను. లైఫ్ రీడింగ్ నుంచి లేచి వెళ్లే మనిషి చేతిలో చేయగలిగిన పని ఒకటి ఉండాలని నా ఉద్దేశం.

స్థానాల పేర్లు రాసేటప్పుడు ఏం చూసుకోవాలి?

ఒక స్థానంలో ఒకే ప్రశ్న ఉండాలి. కెల్టిక్ క్రాస్‌లో తొమ్మిదో స్థానం ఆశలు, భయాలు రెండింటికీ కలిపి ఉంటుంది. మనిషి ఆశపడేదీ భయపడేదీ తరచు ఒకటే కాబట్టి అందులో లోతు ఉంది, అనుభవం ఉన్నవాళ్లు దాన్ని బాగా చదువుతారు. కొత్తగా స్ప్రెడ్ రాసేవాళ్లు మాత్రం దాన్ని అనుకరించకపోవడం మంచిది. కార్డు పడ్డాక ఇది ఆశా భయమా అని తేల్చుకోవాల్సి వస్తే, మనకి నచ్చిన వైపు మొగ్గేస్తాం.

రెండు స్థానాలు ఒకే ప్రశ్న అడగకూడదు. "నన్ను ఆపుతున్నది", "నేను దాటాల్సింది" అని రెండు రాస్తే అవి ఒకటే. కార్డులు రెండు పడతాయి, ఒకే మాటని రెండుసార్లు చెప్పాల్సి వస్తుంది.

మూడో జాగ్రత్తకి చిన్న పరీక్ష ఉంది. ప్రతి స్థానంలో మూడు కార్డులు ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూడండి: ఒకటి సంతోషంగా ఉండేది, ఒకటి కష్టమైనది, ఒకటి మనిషి బొమ్మ. సన్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్, పేజ్ ఆఫ్ కప్స్ తీసుకోండి. ఆ మూడింటితోనూ ఆ స్థానం గురించి అర్థవంతమైన ఒక వాక్యం చెప్పగలిగితే స్థానం బాగున్నట్టు. "పెళ్లి ఏ నెలలో" అని స్థానం పెట్టి అక్కడ పేజ్ ఆఫ్ కప్స్ పెట్టి చూడండి. చేప తల బయటికి పెట్టిన గిన్నె పట్టుకున్న కుర్రవాడు నెల పేరు చెప్పడు. ఆ స్థానం తీసేయాలి.

ఎన్ని కార్డులు ఉండాలి?

ఎన్ని ప్రశ్నలుంటే అన్ని. అంకె ముందు అనుకుని దానికి సరిపడా ప్రశ్నలు వెతకడం వల్లే చాలా స్ప్రెడ్‌లు పలచనవుతాయి. ఒక దశ గురించి చేసే టారో రీడింగ్‌కి అయిదు నుంచి తొమ్మిది వరకు హాయిగా సరిపోతాయి. పన్నెండు దాటితే వినేవాళ్లకి మొదటి కార్డు గుర్తుండదు.

లెక్క కూడా కొంచెం చూసుకోవాలి. 78లో మేజర్లు 22, అంటే 28 శాతం. పది కార్డులు తీస్తే సగటున దాదాపు మూడు మేజర్లు పడతాయి. మూడు పడ్డాయని "విధి గట్టిగా మాట్లాడుతోంది" అనక్కర్లేదు. ఏడు పడితే ఆగి చూడాలి. కోర్ట్ కార్డులు, అంటే పేజ్, నైట్, క్వీన్, కింగ్, మొత్తం 16. పది కార్డుల్లో సగటున రెండు. కాబట్టి మీ స్ప్రెడ్‌లో ఏ స్థానంలోనైనా ఒక మనిషి వచ్చి కూర్చోవచ్చు. అతను ఎవరు, అడిగిన మనిషేనా, వేరే ఎవరైనానా, లేక ఒక స్వభావమా అన్నది స్ప్రెడ్ రాసేటప్పుడే నిర్ణయించుకోండి. కార్డు చూశాక నిర్ణయిస్తే మన ఇష్టం వచ్చినట్టు మార్చేసుకునే వీలుంటుంది.

కార్డులు ఏ ఆకారంలో పరిచామన్నది ముఖ్యమా?

కంటికి సాయం చేసేంత వరకు ముఖ్యం. పోల్చాల్సినవి పక్కపక్కన, కారణం కింద, పైకి కనిపించేది పైన, మలుపు మధ్యలో. ఇంతకు మించి అందం కోసం పువ్వులా, నక్షత్రంలా పరిస్తే ఫొటోకి బాగుంటుంది, చదవడానికి మెడ తిప్పుకోవాలి. బొమ్మల్లో మనుషులు చూసే దిక్కుని కూడా వాడుకోవాలంటే పోల్చే రెండు కార్డులూ ఒకే వరసలో, ఒకే ఎత్తులో ఉండాలి. అప్పుడే ఒకరు ఇంకొకరికి వీపు తిప్పారా, ఎదురు చూస్తున్నారా అన్నది కనిపిస్తుంది. మార్సెయ్ తరహా పాత ఫ్రెంచ్ డెక్‌లలో ఒకటి నుంచి పది వరకు ఉన్న మైనర్ కార్డుల్లో దృశ్యాలు ఉండవు, కత్తులూ గిన్నెలూ మాత్రమే ఉంటాయి కాబట్టి వాటి దగ్గర ఈ పద్ధతి పెద్దగా పనిచేయదు.

తలకిందుల కార్డులు పెట్టుకోవాలా?

టారోలో మీ ఇష్టం. స్ప్రెడ్‌లో ఇప్పటికే "అడ్డు వస్తున్నది", "దాగి ఉన్నది" లాంటి స్థానాలుంటే తలకిందుల కార్డు అదే మాటని రెండోసారి చెప్పి గందరగోళం పెంచుతుంది. అప్పుడు అన్నీ నిటారుగా చదవండి. స్థానాలన్నీ సూటిగా ఉంటే తలకిందులు పనికొస్తాయి. లెనోర్మాండ్‌లో మామూలుగా తలకిందులు చదవరు, ఆ పని పక్క కార్డు చేస్తుంది.

లెనోర్మాండ్‌లో లైఫ్ రీడింగ్ అంటే గ్రాండ్ టాబ్లోనేనా?

ఎక్కువమంది అదే వాడతారు. 36 కార్డులూ పరిచేస్తారు. ఎనిమిదేసి కార్డులతో నాలుగు వరసలు, కింద నాలుగు కార్డులతో ఒక వరస. లేదా తొమ్మిదేసి కార్డులతో నాలుగు వరసలు.

ఇక్కడ ఒకటి గుర్తుంచుకోవాలి. అన్ని కార్డులూ బల్ల మీదే ఉంటాయి కాబట్టి "ఏ కార్డు వచ్చింది" అన్న ప్రశ్నకి అర్థం లేదు. శవపేటిక ప్రతిసారీ ఉంటుంది, ఉంగరమూ ప్రతిసారీ ఉంటుంది. చూడాల్సింది ఎక్కడ పడింది, దేని పక్కన పడింది, అడిగిన మనిషి కార్డుకి (అంటే ఆ మనిషికి గుర్తుగా తీసుకున్న పురుషుడు లేదా స్త్రీ కార్డుకి) ఎంత దూరంలో ఉంది అన్నదే. కొత్తవాళ్లు శవపేటిక చూసి టెన్షన్ పడతారు. అది మనిషి కార్డుకి దూరంగా ఎక్కడో మూలన ఉంటే దాని మాట కూడా అంత దూరమే.

గ్రాండ్ టాబ్లోలో స్థానాలు కొత్తగా తయారుచేయక్కర్లేదు. తయారుచేయాల్సింది చదివే క్రమం. 36 కార్డుల మధ్య ఎన్నో దారులు ఉన్నాయి: మనిషి కార్డు ఉన్న వరస, నిలువు, మూలల మీదుగా వెళ్లే గీతలు, చదరంగంలో గుర్రం నడకలా దూకి చూసే కార్డులు, అద్దంలోలాగా ఎదురెదురు పడే జంటలు, ఒక్కో చోటికి ఆ అంకె ఉన్న కార్డు పేరుతో ఉండే ఇల్లు. అంటే మొదటి చోటు గుర్రపు రౌతు ఇల్లు, నాలుగో చోటు ఇల్లు కార్డుకే ఇల్లు, 36వ చోటు శిలువ ఇల్లు. ఇవన్నీ ఒకేసారి చదవబోతే ఏ సాయంత్రానికీ తేలదు. అడిగిన విషయానికి ఏ మూడు దారులు సరిపోతాయో కార్డులు కలపకముందే కాగితం మీద రాసుకోండి. కుటుంబం గురించైతే మనిషి కార్డు చుట్టూ ఉన్న ఎనిమిది కార్డులు, ఇల్లు కార్డు చుట్టూ ఉన్నవి, ఆ రెండింటి మధ్య దారి. డబ్బు గురించైతే ఇల్లు బదులు చేపలు. ఇలా రాసుకున్న క్రమమే మీ సొంత స్ప్రెడ్.

గ్రాండ్ టాబ్లో కంటే చిన్నది కావాలంటే?

తొమ్మిది కార్డుల చతురస్రం చాలా మంచి ఆకారం, కొత్త స్ప్రెడ్‌లకి దీన్నే పునాదిగా తీసుకోమంటాను. మూడు వరసలు, వరసకి మూడు కార్డులు. ఎడమ నిలువు గడిచినది, మధ్య నిలువు ఇప్పుడు నడుస్తున్నది, కుడి నిలువు రాబోయేది. పై వరస మనసులో, నలుగురిలో ఉన్నది. కింది వరస చేతిలో ఉన్నది, మనం మార్చగలిగినది. మధ్యలో విషయం.

మధ్య కార్డుని మీరే ఎంచి పెట్టండి. దీనికి లెక్కలోనే కారణం ఉంది. 36 నుంచి తొమ్మిది తీస్తే మీకు కావలసిన కార్డు పడే అవకాశం 25 శాతమే. నాలుగింట మూడుసార్లు అది రాదు. మూడు కార్డుల వరసలో అయితే పన్నెండింట ఒకసారి. విషయం ఏదో తెలిసి కూడా ఆ కార్డు కోసం అదృష్టం మీద ఆధారపడటం ఎందుకు?

ఉద్యోగ జీవితం గురించి అడిగారనుకుందాం. మధ్యలో లంగరు పెట్టాం. ఉద్యోగానికి కొందరు నక్కని తీసుకుంటారు, ఏదైనా సరే ముందే తేల్చుకుంటే చాలు. మిగతా ఎనిమిది కార్డులు ఇలా పడ్డాయి. పైన ఉత్తరం, ఓడ, తోట. మధ్యలో కొండ, లంగరు, తాళంచెవి. కింద ఎలుకలు, చేపలు, ఉంగరం.

మధ్య వరస ముందు చదవండి: చాలాకాలం కదలకుండా ఉన్న ఉద్యోగం, దానికి దారి తెరుచుకుంటోంది. పై వరస: దూరం నుంచి ఒక కబురు, నలుగురిలోకి వెళ్లడం. కింది వరస ఆగి చదవాల్సినది: డబ్బు కొద్దికొద్దిగా కరిగిపోతోంది, ఆ డబ్బుకి ఒక ఒప్పందంతో ముడి ఉంది. మధ్య నిలువు పై నుంచి కిందికి ఓడ, లంగరు, చేపలు: వేరే చోట స్థిరపడే పని, దానివల్ల రాబడి. ఇక నాలుగు మూలలు కలిపి చూడండి: ఉత్తరం, తోట, ఎలుకలు, ఉంగరం. కాగితం, జనం, నష్టం, ఒప్పందం. కొత్త చోటికి వెళ్లమని కార్డులు ఉత్సాహంగా చెబుతున్నట్టే ఉన్నా, సంతకం పెట్టే ముందు డబ్బు ఎక్కడ కారుతోందో చూసుకోమని కింది వరసా మూలలూ ఒకే మాట అంటున్నాయి. మనం మార్చగలిగిన వరసలో అది ఉండటం నిజంగా మంచి సంగతి.

మరో జీవిత విషయానికి ఇదే చతురస్రం వాడాలంటే మధ్య కార్డు మార్చి, కింది వరసకి పేరు మార్చుకుంటే సరిపోతుంది.

పురుషుడు, స్త్రీ కార్డులు తప్పనిసరిగా వాడాలా?

సంప్రదాయంగా 28 పురుషుడు, 29 స్త్రీ. అడిగినవాళ్లు ఏ కార్డుతో తమని పోల్చుకుంటారో వాళ్లనే అడగండి. ఇప్పటి డెక్‌లలో చాలావాటిలో ఈ కార్డులు రెండేసి ఉంటాయి, దానివల్ల జంట ఎవరైనా చదవడానికి ఇబ్బంది లేదు. బొమ్మలు ఎటు చూస్తున్నాయో ముందే గమనించండి, ఎందుకంటే చాలామంది చూపు పడే వైపుని రాబోయేదిగా, వీపు వైపుని గడిచినదిగా చదువుతారు.

టారో, లెనోర్మాండ్ ఒకే స్ప్రెడ్‌లో కలపొచ్చా?

కలపొచ్చు, వేటి పని వాటికి విడిగా ఇస్తే. లెనోర్మాండ్ బయట జరిగేది బాగా చెబుతుంది: కబురు, కాగితం, ప్రయాణం, డబ్బు. టారో లోపల జరిగేది బాగా చెబుతుంది. అయిదు లెనోర్మాండ్ కార్డులు ఒక వరసలో పరిచి, ఆ వరసలో మొదటి కార్డు కింద, చివరి కార్డు కింద ఒక్కో టారో కార్డు పెట్టండి. మొదటిది "ఈ విషయంలోకి నేను ఏ మనసుతో వస్తున్నాను", రెండోది "ఇది నా నుంచి ఏ మనసు కోరుతోంది". కార్డులు కలిపేటప్పుడు మాత్రం రెండు కట్టలూ ఎప్పుడూ విడివిడిగానే.

కాలం చెప్పే స్థానం పెట్టొచ్చా?

కాలాన్ని కార్డులో వెతక్కండి, స్థానంలోనే రాసేయండి. "వచ్చే ఆరు నెలల్లో", "ఈ చదువు అయ్యేలోపు" అని స్థానం పేరులోనే ఉంటే అక్కడ పడిన కార్డు ఆ గడువు లోపల చదవాలి. వాండ్స్ అంటే ఇన్ని వారాలు, కప్స్ అంటే ఇంత కాలం అని చెప్పే పట్టికలు ఒకదానితో ఒకటి కలవవు.

చివరి స్థానం "ఫలితం" అయి తీరాలా?

అక్కర్లేదు. లైఫ్ రీడింగ్‌లో దాన్ని వీలైనంత వరకు వద్దనే అంటాను. ఫలితం అనే స్థానం ఉందంటే అందరి కళ్లూ దాని మీదే ఉంటాయి, ముందు చెప్పిన ఆరు కార్డులూ గాలికి పోతాయి. దాని బదులు "ఇలాగే సాగితే ఎటు పోతాను", "దీన్ని మార్చితే ఎటు పోతాను" అని రెండు స్థానాలు పక్కపక్కన పెట్టండి. మనిషి చేతిలో ఇంకా ఏదో ఉందని స్ప్రెడ్ ఆకారమే చెబుతుంది.

ఏ స్థానాలు అసలు పెట్టకూడదు?

చావు ఎప్పుడు, రోగం ఏమిటి, ఈ కేసులో గెలుస్తానా, ఈ షేర్లు కొనాలా. వీటికి డాక్టరు, లాయరు, లెక్కలు తెలిసినవాళ్లు ఉన్నారు. ఆరోగ్యం గురించి భయంతో ఉన్న మనిషికి చెట్టు పక్కన శవపేటిక చూపించి ఏదో చెప్పడం వల్ల కలిగే బాధని వెనక్కి తీసుకోలేం. అలాంటి ప్రశ్న వస్తే "ఈ భయాన్ని నేను ఎలా మోస్తున్నాను", "ఎవరి సాయం అడగాలి" అన్న స్థానాలకి మార్చండి.

అక్కడ లేని మనిషి మనసులో ఏముందో చెప్పే స్థానం కూడా నేను పెట్టను. "అతను నా గురించి ఏమనుకుంటున్నాడు" బదులు "అతని నుంచి నాకు కనిపిస్తున్నది ఏమిటి, నేను ఊహించుకుంటున్నది ఏమిటి" అని రెండు పెడితే, అడిగిన మనిషికి అందులోంచే ఎక్కువ దొరుకుతుంది.

ఇదంతా శాస్త్రీయమేనా?

కార్డులు భవిష్యత్తు చెప్పగలవని శాస్త్రీయ ఆధారం లేదు. 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్టు తన విద్యార్థులందరికీ ఒకే వర్ణన ఇచ్చి, అది వాళ్లవాళ్లకి ప్రత్యేకంగా రాసిందని నమ్మించాడు. అది తమకి ఎంత సరిపోయిందో అయిదుకి మార్కులు వేయమంటే సగటున 4.26 వేశారు. స్ప్రెడ్ తయారుచేసేవాళ్లకి ఇది చాలా ఉపయోగపడే సంగతి. "నీలో బయటికి కనిపించని శక్తి ఉంది" లాంటి మాటలు పుట్టించే స్థానాలు అందరికీ సరిపోతాయి కాబట్టే నిజంలా అనిపిస్తాయి. మీరు రాసిన స్థానం ముక్కూ మొహం తెలియని ఎవరికైనా సరిపోతుందంటే దాన్ని ఇంకా బిగించాలి. కార్డుల మీద నమ్మకం ఉన్నా లేకపోయినా, తన జీవితం గురించి ఆరు సూటి ప్రశ్నలకి జవాబు వెతుక్కుంటూ ఒక గంట కూర్చునే అవకాశం మనిషికి మామూలుగా దొరకదు. ఆ గంటకి విలువ ఉందని నేను నమ్ముతాను.

కొత్త స్ప్రెడ్ పనికొస్తుందో లేదో ఎలా తెలుస్తుంది?

ముందు మీకు మీరే చదువుకోండి, తర్వాత దగ్గరివాళ్లకి. ప్రతిసారీ స్థానం పేరు, పడిన కార్డు, మీరు చెప్పిన వాక్యం రాసి పెట్టుకోండి. కొన్ని రీడింగ్‌ల తర్వాత ఆ కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఒక స్థానం దగ్గర ఎప్పుడూ తడబడుతున్నారంటే అందులో ప్రశ్న స్పష్టంగా లేదు. ఒక స్థానంలో కార్డు ఏదైనా ఒకే మాట చెబుతున్నారంటే అక్కడ మాట్లాడుతున్నది కార్డు కాదు, మీ అలవాటు. రెండింటినీ మార్చండి. వేరేవాళ్ల స్ప్రెడ్ తీసుకుని మార్చుకోవడంలో కూడా తప్పు లేదు, పంచుకునేటప్పుడు మూలం ఎవరిదో చెప్పండి.

అర్థం కాని కార్డు మీద ఇంకో కార్డు తీయొచ్చా?

తీయొచ్చు గానీ అలవాటు కానివ్వకండి. నచ్చని కార్డు పడిన ప్రతిసారీ ఇంకోటి తీస్తూ పోతే నచ్చినది వచ్చేదాకా ఆగరు, స్ప్రెడ్ రాసిన శ్రమంతా వృథా. అదనపు కార్డు కావాలనుకుంటే దాని చోటు కూడా ముందే కాగితం మీద ఉండాలి: ఏ స్థానానికి, ఏ సందర్భంలో, ఏ ప్రశ్నతో. ఉదాహరణకి పైన చెప్పిన ఉద్యోగం స్ప్రెడ్‌లో అయిదో స్థానంలో కోర్ట్ కార్డు పడితే మాత్రమే దాని కింద ఒకటి తీయాలి, "ఈ మనిషితో ముందు మాట్లాడాల్సింది ఏమిటి" అని.